సగటు నిష్క్రమణ కాలం: మెట్టును నాలుగో వంతుకు తగ్గించినా దోషం సగానికే ఎందుకు తగ్గుతోంది?

జిజ్ఞాసువు (ప్రశ్న)

యాదృచ్ఛిక తాడనాలకు లోనవుతూ ఒక ప్రాంతంలో తిరిగే కణం ఆ ప్రాంతపు సరిహద్దును మొదటిసారి తాకడానికి సగటున ఎంత కాలం పడుతుందో లెక్కించే సమస్యపై పరిశోధన చేస్తున్నాను. అసలు సమస్యలో ఆరు చలరాశులు ఉన్నాయి. కణం ఒక స్థితిజశక్తి లోయలో ఉంటుంది. ఆ లోయ వాలు దానిని లోపలికి లాగుతుంది, నాయిస్ (ఆ యాదృచ్ఛిక తాడనాలు) బయటికి నెడుతుంది. దానికి ఖచ్చితమైన జవాబు తెలియదు కనుక, ముందుగా నా ప్రోగ్రాంను జవాబు తెలిసిన సమస్యపై పరీక్షించాలనుకున్నాను.

అందుకు ఎంచుకున్నది సమతలంలో వ్యాసార్ధం 1 గల వృత్తం, దాని కేంద్రం నుంచి బయలుదేరే ప్రామాణిక బ్రౌనియన్ చలనం. కేంద్రం నుంచి ఏదైనా దూరంలో ఉన్న బిందువు దగ్గర మొదలైతే, సగటు నిష్క్రమణ కాలం 1 నుంచి ఆ దూరపు వర్గాన్ని తీసివేసి సగం చేసిన విలువ. లాప్లాసియన్‌లో సగం −1కి సమానమై, సరిహద్దుపై సున్న అయ్యే ప్రమేయం అదే. కాబట్టి కేంద్రం దగ్గర జవాబు 0.5.

ఆయిలర్–మరుయామా పద్ధతిలో ప్రతి మెట్టులోనూ రెండు నిరూపకాలకూ, కాలపు మెట్టుకు సమానమైన విస్తృతి గల సాధారణ యాదృచ్ఛిక సంఖ్యలను కలుపుతున్నాను. కేంద్రం నుంచి దూరం 1ని మించిన మొదటి మెట్టు దగ్గర ఆపి, అప్పటి కాలాన్ని నమోదు చేస్తున్నాను. ఒక్కొక్క మెట్టు పరిమాణానికి పది లక్షల పథాలు తీసుకుంటే, మెట్టు 0.01 అయినప్పుడు సగటు సుమారు 0.56, మెట్టు 0.0025 అయినప్పుడు సుమారు 0.53, మెట్టు 0.000625 అయినప్పుడు సుమారు 0.515 వస్తున్నాయి. అంటే దోషం 0.06, 0.03, 0.015గా నడుస్తోంది. బలహీన అర్థంలో, అంటే సగటుల విషయంలో, ఈ పద్ధతి మొదటి క్రమానిదని చదువుకున్నాను. ఆ లెక్కన మెట్టు నాలుగో వంతు అయితే దోషమూ నాలుగో వంతు కావాలి.

బలమైన అర్థంలో, అంటే ఒక్కొక్క పథం విషయంలో, ఆయిలర్–మరుయామా క్రమం అర్ధమే కనుక, ఇక్కడ కనబడుతున్నది ఆ అర్ధ క్రమమేనా? అయితే మిల్‌స్టీన్ పద్ధతికి మారితే సరిపోతుందా? లేక యాదృచ్ఛిక సంఖ్యల జనరేటర్‌ను అనుమానించాలా? మెట్టును అసాధ్యమైనంత చిన్నది చేయకుండా మూడు దశాంశ స్థానాల వరకు సరైన జవాబు రాబట్టే మార్గం ఉంటే తెలియజేయగలరు.

సంభావ్యతాధ్యాయి (సమాధానం)

మిల్‌స్టీన్ పద్ధతికి మారవలసిన అవసరం లేదు. మారినా ఒక్క అంకె కూడా మారదు. వ్యాప్తి గుణకం (నాయిస్ పరిమాణం) స్థిరంగా ఉన్నప్పుడు మిల్‌స్టీన్ కలిపే అదనపు పదం సున్న అవుతుంది, రెండు పద్ధతులూ ఒకటే అవుతాయి. మీ పరీక్షా సమస్యలోనైతే ఆయిలర్–మరుయామాకు తనదైన దోషమే లేదు. డ్రిఫ్ట్ (ఒక వైపు లాగే నిశ్చిత చలనం) లేని బ్రౌనియన్ చలనపు పెంపులు సరిగ్గా మీరు కలుపుతున్న సాధారణ సంఖ్యలే కనుక, మెట్ల క్షణాల వద్ద మీ పథం ఉజ్జాయింపు కాదు, అసలు బ్రౌనియన్ చలనమే. జనరేటర్‌ను కూడా నిందించనవసరం లేదు. కేంద్రం నుంచి నిష్క్రమణ కాలపు వర్గం సగటు 3/8 అని అదే విధమైన సమీకరణం సాధిస్తే వస్తుంది. కనుక విస్తృతి 1/8, ప్రామాణిక విచలనం సుమారు 0.354. పది లక్షల పథాలకు నమూనా దోషం 0.00035 మాత్రమే. మీ 0.015 దానికి నలభై రెట్లకు పైగా ఉన్నది, అది యాదృచ్ఛికంగా వచ్చినది కాదు.

దోషమంతా రెండు మెట్ల మధ్య మీరు చూడని కాలంలో ఉంది. ఒక మెట్టు చివర కణం లోపలే ఉండి, తరువాతి మెట్టు చివర కూడా లోపలే ఉంటే, మధ్యలో అది బయటికి వెళ్లి తిరిగి వచ్చిందో లేదో మీ ప్రోగ్రాంకు తెలియదు. సరిహద్దు వంపు లేకుండా తిన్నగా ఉన్నదనుకుంటే ఆ సంభావ్యతకు సరళమైన సూత్రం ఉంది: రెండు చివరల దూరాల లబ్ధాన్ని రెట్టింపు చేసి, దానిని మెట్టుతో భాగించి, రుణ గుర్తుతో ఘాతాంక ప్రమేయంలో పెడితే చాలు. రెండు చివరలూ సరిహద్దుకు మెట్టు వర్గమూలంలో సగం దూరంలో ఉంటే ఆ సంభావ్యత సుమారు 0.61. అంటే అలాంటి మెట్లలో సగానికి పైగా నిష్క్రమణలు మీ కంటబడకుండా పోతున్నాయి. దూరం మెట్టు వర్గమూలానికి రెట్టింపైతే అదే సంభావ్యత 0.0003 స్థాయికి పడిపోతుంది. కనుక తప్పు జరుగుతున్నది మెట్టు వర్గమూలమంత మందం గల సన్నని పొరలోనే. దోషం మెట్టుతో కాక దాని వర్గమూలంతో నడవడానికి కారణం ఆ పొర మందమే.

మీ సమస్యలో దీనిని ఒక సమానత్వంతో కళ్లకు కట్టినట్లు చూడవచ్చు. ఒక్కొక్క మెట్టులో కేంద్రం నుంచి దూరపు వర్గం సగటున మెట్టుకు రెట్టింపు పెరుగుతుంది. అందువల్ల దూరపు వర్గం నుంచి కాలానికి రెట్టింపును తీసివేస్తే మిగిలేది మార్టింగేల్, అంటే సగటున పెరగని, తరగని ప్రక్రియ. ఆగిన క్షణానికి దీనిని అన్వయిస్తే, మీ ప్రోగ్రాం ఇచ్చే సగటు కాలం, ఆగిన చోట దూరపు వర్గం సగటులో సరిగ్గా సగం అవుతుంది. కణం సరిగ్గా సరిహద్దుపై ఆగి ఉంటే 0.5 వచ్చేది. అది ఎప్పుడూ కొంచెం దాటిన తరువాతే ఆగుతుంది కనుక మీ జవాబు ఎప్పుడూ ఎక్కువగానే వస్తుంది, తక్కువగా రావడం అసాధ్యం. ఆ దాటిన దూరపు సగటు, చిన్న మెట్లకు, మెట్టు వర్గమూలానికి 0.5826 రెట్లు. మెట్టు 0.01 అయితే అది 0.058, మీకు కనబడిన 0.06కు లెక్క సరిపోయింది.

ఆ 0.5826 ఊరికే కొలిచిన సంఖ్య కాదు. రీమాన్ జీటా ప్రమేయానికి ½ దగ్గర ఉన్న విలువ సుమారు −1.4603, దాని గుర్తు మార్చి, π విలువకు రెట్టింపు యొక్క వర్గమూలంతో భాగిస్తే వచ్చేది ఇదే. సీగ్మండ్ 1979లో యాదృచ్ఛిక నడకల అతిక్రమణ దూరాలపై చేసిన పని దీనికి ఆధారం; 1997లో బ్రాడీ, గ్లాసర్‌మన్, కౌ కలిసి దీనిని సరిహద్దు షరతు గల ఆప్షన్ల ధరలకు అన్వయించడంతో గణితేతరులకు కూడా పరిచయమయింది. మీరు చదివిన మొదటి క్రమం ఫలితం కూడా నిజమే. అయితే 1990లో తలే, టుబారో చూపిన ఆ విస్తరణ నిర్ణీత కాలం వద్ద నునుపైన ప్రమేయపు సగటుకు చెందినది. ఆగే క్షణం పథంపై ఆధారపడినప్పుడు ఆ సిద్ధాంతపు షరతులే వర్తించవు. ఆపివేసిన వ్యాప్తి ప్రక్రియలకు, మెట్ల వద్ద మాత్రమే చూస్తే అర్ధ క్రమమనీ, మెట్ల మధ్య దాటే సంభావ్యతను లెక్కలోకి తీసుకుంటే మొదటి క్రమమనీ గొబే 2000లో నిరూపించారు.

పథగణకుడు (సమాధానం)

పై వివరణకు ఖర్చు లెక్క జోడిస్తాను, ఎందుకంటే ఈ సమస్యలో ఏ మందు వేయాలో నిర్ణయించేది అదే. మీరు ఉన్న పద్ధతిలోనే కొనసాగి క్రమబద్ధ దోషాన్ని 0.0005కు తేవాలంటే మెట్టు సుమారు 0.00000074 కావాలి, అంటే ఒక్కొక్క పథానికి దాదాపు 6.8 లక్షల మెట్లు. నమూనా దోషం కూడా 0.0005 కావడానికి 5 లక్షల పథాలు కావాలి. మొత్తం సుమారు 34 వేల కోట్ల మెట్లు. క్రమబద్ధ దోషం మెట్టుతో సమానంగా తగ్గే పద్ధతి ఉంటే, మెట్టు 0.0005, పథానికి వెయ్యి మెట్లు, మొత్తం 50 కోట్ల మెట్లతో పని ముగుస్తుంది. మొదటిది ఒక పెద్ద యంత్రం కోసం అర్జీ పెట్టుకోవలసిన పని, రెండోది మీ బల్ల మీది కంప్యూటర్‌తో అయ్యేది.

అన్నిటికంటే చవకైన మార్గం సరిహద్దును లోపలికి జరపడం. కణం సగటున మెట్టు వర్గమూలానికి 0.5826 రెట్ల దూరం దాటిపోతున్నది కనుక, ఆగవలసిన వృత్తం వ్యాసార్ధాన్ని అంత మేరకు తగ్గించండి. మెట్టు 0.01కి 1 బదులు 0.9417 పెట్టండి. ఒక్క వరుస మారుస్తారు, అదనపు యాదృచ్ఛిక సంఖ్యలు అక్కరలేదు, ఆ పెద్ద మెట్టుతోనే దోషం వేలవ వంతుల స్థాయికి దిగుతుంది. మారే గుణకాలు ఉన్న ప్రక్రియలకు కూడా ఇది చెల్లుతుందని గొబే, మెనోజి 2010లో చూపారు. అక్కడ జరపవలసిన దూరం అభిలంబ దిశలో నాయిస్ పరిమాణంతో గుణించబడుతుంది. మీ ఆరు చలరాశుల ప్రాంతాన్ని ఒక ప్రమేయం రుణాత్మకంగా ఉండే చోటుగా నిర్వచించి ఉంటే, దూరం లెక్కించే శ్రమ కూడా లేదు: ఆ ప్రమేయపు ప్రవణతను వ్యాప్తి మాత్రికతో గుణించి వచ్చిన సదిశ పరిమాణాన్ని 0.5826తోనూ మెట్టు వర్గమూలంతోనూ గుణించండి. ప్రమేయం విలువ ఆ రాశి యొక్క రుణ విలువను దాటగానే ఆపివేయండి. ఈ ఫలితానికి సరిహద్దు నునుపుగా ఉండాలి. మూలలు ఉన్న ప్రాంతమైతే ముందుగా ప్రయోగం చేసి చూడనిదే నేను నమ్మను.

రెండో మార్గం పైన చెప్పిన దాటే సంభావ్యతను నేరుగా వాడడం. ప్రతి మెట్టు తరువాతా రెండు చివరలూ లోపలే ఉంటే, ఆ సంభావ్యతను లెక్కించి, సున్న నుంచి ఒకటి మధ్య ఒక ఏకరీతి సంఖ్య తీసి, అది సంభావ్యత కంటే చిన్నదైతే కణం బయటపడినట్లే భావించండి. సరిహద్దుకు దూరంగా ఉన్నప్పుడు ఈ పరీక్ష చేయడం వృథా. వర్గమూలానికి మూడు నాలుగు రెట్ల దూరంలో ఉంటే దాటవేయవచ్చు. వృత్తం వంటి వంపు సరిహద్దు దగ్గర స్పర్శతలాన్నే సరిహద్దుగా తీసుకుంటాము.

ఉన్న ఫలితాలనే వాడుకోవాలంటే బహిర్వేశనం ఉంది, అంటే రెండు మెట్ల ఫలితాల నుంచి సున్న మెట్టు దగ్గరి విలువను అంచనా వేయడం. దోషంలో మొదటి పదం వర్గమూలంతో నడుస్తుందని తెలిసింది కనుక, చిన్న మెట్టు ఫలితాన్ని రెట్టింపు చేసి, దాని నుంచి, నాలుగు రెట్లు పెద్ద మెట్టుతో వచ్చిన ఫలితాన్ని తీసివేయండి. మీ అంకెలతోనే 0.53ను రెట్టింపు చేసి 0.56 తీసివేస్తే 0.50. మొదటి క్రమమని నమ్మి మామూలు బహిర్వేశనం చేస్తే, అంటే చిన్న మెట్టు ఫలితపు నాలుగు రెట్ల నుంచి పెద్దదానిని తీసి మూడుతో భాగిస్తే, 0.52 వచ్చేది. తప్పు క్రమాన్ని ఊహించిన బహిర్వేశనం ఎంత నమ్మకంగా తప్పు జవాబు ఇస్తుందో గమనించండి. అయితే రెండు ఫలితాలు స్వతంత్రమైన పథాల నుంచి వచ్చినవైతే విస్తృతి అయిదు రెట్లవుతుంది.

డ్రిఫ్ట్ లేని సమస్యలకు మాత్రం కాలపు మెట్టునే వదిలివేసి గోళాల మీద నడక వాడతారు, దీనిని ముల్లర్ 1956లో ప్రతిపాదించారు. ప్రస్తుత బిందువు చుట్టూ ప్రాంతంలో ఇమిడే అతి పెద్ద గోళం తీసుకుని, దాని ఉపరితలంపై ఏకరీతిగా ఒక బిందువుకు గెంతి, సరిహద్దుకు తగినంత దగ్గరయ్యేదాకా అదే కొనసాగించాలి. సమతలంలో ఒక్కొక్క గెంతుకు ఆ వృత్త వ్యాసార్ధపు వర్గంలో సగాన్ని కాలానికి కలుపుకుంటే చాలు. మీ పరీక్షా సమస్యపై మాత్రం దీనిని పరీక్షించకండి: కేంద్రం నుంచి మొదలుపెడితే మొదటి గెంతులోనే సరిహద్దుపై పడి, ఏ లోపమూ బయటపడకుండానే సరిగ్గా 0.5 ఇస్తుంది. కేంద్రానికి పక్కన మొదలుపెట్టండి.

జాలకవాది (సమాధానం)

సమతలంలో ఈ సమస్యకు మాంటే కార్లో (యాదృచ్ఛిక పథాల సగటు తీయడం) ఎందుకని అడగడం నా అలవాటు. సమతలంలో గ్రిడ్ వేసి అయిదు బిందువుల భేద సూత్రంతో సమీకరణం సాధిస్తే ఒక్క బిందువు దగ్గరే కాదు, ప్రాంతమంతటా జవాబు క్షణాల్లో వస్తుంది. ఆరు చలరాశుల సంగతి వేరని ఒప్పుకుంటాను. ఒక్కొక్క దిశలో వంద బిందువులు పెట్టినా తెలియని విలువలు లక్ష కోట్లవుతాయి. అక్కడ గ్రిడ్ చేతులెత్తేస్తుంది. నడకకూ గ్రిడ్‌కూ పాత బంధుత్వం ఉంది: మెట్టు పరిమాణంపై ప్రసిద్ధమైన షరతును ఇచ్చిన కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లెవీల 1928 నాటి వ్యాసంలోనే భేద సమీకరణానికీ యాదృచ్ఛిక నడకకూ ఉన్న సంబంధం చర్చించబడింది.

నా అభ్యంతరం మీరు ఎంచుకున్న పరీక్షపైన. ఇక్కడి సాధన రెండో ఘాత బహుపది. దాని రెండో భేదాలు అవకలనాలకు సరిగ్గా సమానం కనుక, గ్రిడ్ పద్ధతిలో కూడా లోపలి బిందువుల దగ్గర దోషమే ఉండదు. వంపు సరిహద్దు దగ్గర అసమాన దూరాల భేద సూత్రం వాడితే, ఎంత మోటు గ్రిడ్ అయినా ఖచ్చితమైన జవాబు ఇస్తుంది. మాంటే కార్లోలో కూడా, పైన చెప్పినట్లు, దోషమంతా సరిహద్దుదే. ఒకే కారణం వల్ల వచ్చే దోషాన్ని వేరుచేసి చూపడానికి ఇది మంచి సమస్య. అయితే మీ డ్రిఫ్ట్ పదంలో గుర్తు తారుమారైనా ఈ పరీక్ష దానిని పట్టుకోలేదు, ఎందుకంటే ఇందులో డ్రిఫ్టే లేదు. కేంద్రం వైపు దూరానికి అనుపాతంగా లాగే డ్రిఫ్ట్‌ను చేర్చండి. అప్పుడు సాధన దూరంపై మాత్రమే ఆధారపడుతుంది కనుక సమస్య ఒక సాధారణ అవకలన సమీకరణానికి తగ్గుతుంది. దానిని ఎంత ఖచ్చితత్వంతోనైనా సాధించి పోల్చుకోవచ్చు. ఆరు చలరాశులలో గోళానికి కూడా ఇదే పని చేస్తుంది. అసలు సమస్య కొలతలోనే పరీక్ష దొరుకుతున్నప్పుడు సమతలంలో ఆగిపోవడం ఎందుకు?

జిజ్ఞాసువు

అందరికీ కృతజ్ఞతలు. వ్యాసార్ధాన్ని జరిపి చూస్తే 0.01 మెట్టుతోనే జవాబు 0.5కు వేలవ వంతుల తేడాలో వచ్చింది. ఆరు చలరాశుల గోళంపై, లోపలికి లాగే డ్రిఫ్ట్‌తో పరీక్ష మొదలుపెడుతున్నాను. ఒక సందేహం మిగిలింది: నా అసలు సమస్యలో నాయిస్ గుణకం 0.2, సరిహద్దు దగ్గర స్థితిజశక్తి వాలు దాదాపు 1. నాయిస్ చిన్నది కనుక దాటిపోయే దూరం కూడా చిన్నదే; అలాంటప్పుడు ఈ సవరణ ప్రాధాన్యం తగ్గుతుందని భావించవచ్చా?

సంభావ్యతాధ్యాయి (సమాధానం)

తగ్గదు, పెరుగుతుంది. దాటిపోయే దూరం నాయిస్‌తో పాటు తగ్గుతుంది, నిజమే. కాని లోయ నుంచి బయటపడే సగటు కాలం, సరిహద్దుపై స్థితిజశక్తి ఎంత ఎత్తున ఉందో దానికి రెట్టింపును నాయిస్ వర్గంతో భాగించిన రాశికి ఘాతాంకంగా పెరుగుతుంది. క్రామర్స్ 1940లో రసాయన చర్యల వేగాల సందర్భంలో చూపిన ప్రవర్తన ఇదే. ఫ్రైడ్లిన్, వెంట్సెల్ దీనిని సాధారణ సిద్ధాంతంగా తీర్చిదిద్దారు. సరిహద్దు మీకు తెలియకుండా కొంచెం బయటికి జరిగితే, అడ్డుగోడ ఎత్తు వాలుతో గుణించినంత పెరుగుతుంది. లెక్క వేస్తే, జవాబు పెరిగే నిష్పత్తి 1.165ను వాలుతోనూ మెట్టు వర్గమూలంతోనూ గుణించి, నాయిస్‌తో భాగించిన సంఖ్య యొక్క ఘాతాంకం. భాగహారంలో ఉన్నది నాయిస్ కనుక, అది తగ్గిన కొద్దీ సాపేక్ష దోషం పెరుగుతుంది.

మీ అంకెలతో, మెట్టు 0.0001 అయితే సాపేక్ష దోషం సుమారు 6 శాతం. మెట్టు 0.01 అయితే ఈ సూత్రం దాదాపు 79 శాతం చూపుతుంది, కాని ఆ అంకెను నమ్మవద్దు. ఆ మెట్టులో డ్రిఫ్ట్ కదలిక 0.01, నాయిస్ కదలిక 0.02, డ్రిఫ్ట్‌ను విస్మరించి రాబట్టిన 0.5826 అక్కడ వర్తించదు. వాలును మెట్టు వర్గమూలంతో గుణించి నాయిస్‌తో భాగించిన సంఖ్య ఒక్కటే దోషం ఎంతో, సవరణ చెల్లుతుందో లేదో రెండూ నిర్ణయిస్తుంది. అది పదో వంతుకు లోపు ఉండేలా మెట్టు ఎంచుకుని, తరువాతే సరిహద్దును జరపండి. మీ సమస్యలో అది 0.0004కు మించని మెట్టు. సరిహద్దు ఏదైనా చోట కనుమను (రెండు ఎత్తుల మధ్య దిగువ దారిని) తాకితే అక్కడ వాలు సున్న కనుక ఈ అంచనా వర్తించదు; కణం ప్రధానంగా ఆ కనుమ గుండానే బయటపడుతుంటే లెక్క వేరుగా వేసుకోవాలి.

పథగణకుడు (సమాధానం)

అంత చిన్న మెట్టుతో అంత దీర్ఘమైన కాలాలను అనుకరించడానికి ఖర్చు ఎక్కువవుతుంది కనుక చివరగా రెండు మాటలు. చిన్న నాయిస్‌కు నిష్క్రమణ కాలపు విభాజనం ఘాతాంక విభాజనానికి దగ్గరగా ఉంటుంది, ప్రామాణిక విచలనం సగటుతో దాదాపు సమానం. ఒక శాతం ఖచ్చితత్వానికి పదివేల పథాలు చాలు. పథాల సంఖ్య సమస్య కాదు, ఒక్కొక్క పథం పొడవే సమస్య. నాయిస్‌ను ఇంకా తగ్గించవలసి వస్తే నేరుగా అనుకరించడం మాని, సరిహద్దు వైపు ముందుకు సాగిన పథాలను నకలు చేసి వెనకబడిన వాటిని తొలగించే విభజన పద్ధతులకు మారండి.

నాయిస్ మధ్యస్థంగా ఉంటే బహుస్థాయి మాంటే కార్లో ఉంది. పథాల అనుకరణకు 2008లో గైల్స్ ప్రాచుర్యంలోకి తెచ్చిన ఈ పద్ధతిలో ఎక్కువ పథాలను పెద్ద మెట్లతోనూ, కొన్నిటిని మాత్రమే చిన్న మెట్లతోనూ నడిపి, స్థాయిల మధ్య తేడాలను కలుపుతారు. నిష్క్రమణ కాలాలకు దీనిని యథాతథంగా వాడితే లాభం సగమే: పెద్ద మెట్ల పథం బయటపడిన తరువాత చిన్న మెట్ల పథం ఇంకా చాలా కాలం లోపలే ఉండిపోవచ్చు కనుక, తేడాల విస్తృతి మెట్టు వర్గమూలంతో మాత్రమే తగ్గుతుంది. మీరు మొదట వాడిన పద్ధతిలో ఖర్చు కోరిన దోషపు నాలుగో ఘాతానికి విలోమంగా పెరుగుతుంది. హైయమ్, మావో తదితరులు 2013లో విశ్లేషించిన ప్రకారం బహుస్థాయి పద్ధతి దానిని దాదాపు మూడో ఘాతానికి దించుతుంది. ఒక పథం బయటపడ్డాక మిగిలినదాన్ని అనేక శాఖలుగా చీల్చి సగటు తీసుకుంటే, సంవర్గమాన గుణకాలు మినహా రెండో ఘాతం దాకా వెళ్లవచ్చని గైల్స్, బెర్నాల్ 2018లో చూపారు. ఆ శాఖల ప్రోగ్రాం రాయడం సులువు కాదు. సరిహద్దును జరిపిన మామూలు పద్ధతితో మీకు కావలసిన ఖచ్చితత్వం ఒక రాత్రి నడకలో వస్తుంటే, దాని జోలికి వెళ్లకండి.